అమెరికాకు వెళ్ళే అమ్మానాన్నల ఫోన్లు: నంబరు సంగతి వేరు, నెట్ సంగతి వేరు

మీరు అడిగింది ఇదీ. కొర్లగుంటలో ఉండే మీ అమ్మానాన్నలు వచ్చే నెల చెన్నై నుంచి దుబాయ్ మీదుగా డాలస్‌లో మీ అక్క దగ్గరికి వెళ్తున్నారు, ఆరు నెలలు ఉంటారు. నాన్నగారిది రెండు సిమ్‌లు పట్టే ఆండ్రాయిడ్ ఫోను, అమ్మగారిది బటన్ ఫోను. రోమింగ్ ప్యాక్ వేయించాలా, అక్కడి సిమ్ తీసుకోవాలా, పెన్షన్ అకౌంటు ఓటీపీలు వస్తాయా, వాట్సాప్ నంబరు పోతుందా అని నాలుగు ప్రశ్నలు వేశారు. తిరుపతిలోనే ఒక టెలికం స్టోరు కౌంటర్లో చాలా ఏళ్ళు ఈ రోమింగ్ పనులే చూశాను, ఆ తర్వాత కొన్నాళ్ళు కువైట్‌లో ఉన్నాను. తెలిసినంతా రాస్తాను, కొంచెం పొడుగవుతుంది.

ఈ ప్రశ్నతో వచ్చేవాళ్ళందరూ నెట్ గురించే జాస్తి కంగారు పడతారు. నిజానికి నెట్‌తో ఇబ్బందేమీ లేదు. దిగిన పూటే మీ అక్క ఇంటి వైఫై దొరుకుతుంది, బయటికెళ్తే అక్కడి సిమ్ ఉంటుంది. ఇబ్బందంతా నంబరుతోనే. నెట్ నీళ్ళ బాటిల్ లాంటిది, ఏ ఊళ్ళో దిగినా కొనుక్కోవచ్చు. నంబరు రేషన్ కార్డు లాంటిది, ఇక్కడ ఒకసారి పోతే అక్కడి నుంచి తెచ్చుకోలేరు. బ్యాంకు ఓటీపీ, ఆధార్ ఓటీపీ, పెన్షన్, ఇన్‌కం టాక్స్ అన్నీ నాన్నగారి ఆ ఒక్క నంబరుకే కట్టేసి ఉంటాయి. చివరికి మీ అక్క డాలస్‌లో కూర్చుని నాన్నగారి లాగిన్‌తో 300 రూపాయల దర్శనం టికెట్లు పెడదామన్నా టీటీడీ సైటు ఓటీపీ పంపేది ఆ నంబరుకే.

అందుకని నా సలహా ఒక్కటే. నాన్నగారి ఇండియా సిమ్ ఫోన్లోనే ఉండాలి, ప్రాణంతో ఉండాలి, ఎస్సెమ్మెస్‌లు తీసుకోవడానికి మాత్రమే ఉండాలి. నెట్‌కూ అక్కడి కాల్స్‌కూ అమెరికా లైను వేరేగా తీసుకోండి. ఆరు నెలలకు రోమింగ్ డేటా ప్యాకులు వేసుకుంటూ పోవడం డబ్బు దండగ. ఆ ప్యాకులు వారం, పది రోజులు సింగపూరో మలేషియానో తిరిగొచ్చేవాళ్ళకు బాగుంటాయి, ఆరు నెలల మనుషులకు కాదు.

సిమ్ ప్రాణంతో ఉండాలంటే మొదట ఇంటర్నేషనల్ రోమింగ్ ఇక్కడే ఆన్ చేయించాలి. రీచార్జి అంగడిలో కాదు, కంపెనీ సొంత స్టోరుకు వెళ్ళండి. నాన్నగారిని, ఆధార్‌ను వెంట తీసుకెళ్ళండి. కౌంటర్లో ఉన్నతన్ని "రోమింగ్ ప్యాక్ ఎంత?" అని అడగొద్దు. అలా అడిగితే అతను ప్యాకే అమ్ముతాడు, నేనూ అదే చేసేవాణ్ణి. ఇలా అడగండి: "అమెరికాలో డేటా అక్కర్లేదు, కాల్స్ అక్కర్లేదు. బ్యాంకు ఎస్సెమ్మెస్ మాత్రం రావాలి. దానికి ఈ సిమ్ మీద కనీసం ఏముండాలి?" ప్రీపెయిడ్‌లో ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. కొన్నిచోట్ల సర్వీసు ఆన్ చేస్తే చాలంటారు, కొన్నిచోట్ల రోమింగ్‌కు సంబంధించిన రీచార్జి ఏదో ఒకటి ఉండాలంటారు. చెప్పినదాన్ని యాప్‌లో చూపించమనండి, నోటిమాటతో లేచి రావద్దు. అక్కడే ఫోన్లో ##002# కొట్టించండి. కాల్ ఫార్వార్డింగులు అన్నీ పోతాయి. రోమింగ్‌లో ఉండగా ఎత్తని కాల్ ఇంకో నంబరుకు మళ్ళితే ఆ మళ్ళింపుకు కూడా డబ్బులు పోయే అవకాశం ఉంది.

రెండోది వ్యాలిడిటీ. ఈ సంగతి చాలామంది మరిచిపోతారు. మూడు నెలల రీచార్జి వేసుకుని ఆరు నెలలకు వెళ్తారు. మధ్యలో అది అయిపోతే ముందు వెళ్ళే కాల్స్ ఆగుతాయి, కొన్నాళ్ళకు వచ్చే ఎస్సెమ్మెస్‌లూ ఆగుతాయి. టెలికం కంపెనీలను నియంత్రించే సంస్థ ట్రాయ్ నిబంధన ప్రకారం ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు ఏ వాడకమూ లేకుండా పడి ఉంటే కంపెనీ దాన్ని తీసేయవచ్చు. బ్యాలెన్సు 20 రూపాయలో ఆపైనో ఉంటే 20 చొప్పున కోసుకుంటూ ముప్పై రోజులకోసారి పొడిగిస్తారు. అలా తీసేసిన నంబరు కొన్నాళ్ళకు ఇంకొకరి చేతికి వెళ్తుంది. కువైట్‌లో నా పక్క గదిలో పీలేరు వైపు మనిషి ఒకతను ఉండేవాడు. ఒకరోజు బ్యాంకు ఓటీపీ రాక, అనుమానం వచ్చి, తన ఇండియా నంబరుకు తనే ఫోన్ చేసుకున్నాడు. అవతల ఎవరో అబ్బాయి ఎత్తి "ఎవరు కావాలన్నా?" అన్నాడు. ఇతని బ్యాంకు ఎస్సెమ్మెస్‌లు కొన్ని వారాలుగా ఆ అబ్బాయికి పోతున్నాయి. ఆ పిల్లాడు మంచివాడు కాబట్టి సరిపోయింది. నంబరు మార్పించడానికి మాత్రం ఇతను సెలవు పెట్టి ఇంటికి రావలసి వచ్చింది.

నాన్నగారికి ఏడాది ప్లాన్ వేసి పంపండి. 2025 జనవరి నుంచి డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ఎక్కువ రోజుల ప్లాన్లు కంపెనీలు తెచ్చాయి. ట్రాయ్ ఆదేశంతో వచ్చినవే. యాప్‌లో పైన కనపడవు, కిందకు తోస్తూ పోవాలి. మీ అవసరానికి అవే సరి.

మూడో విషయం, సిమ్ ప్లాస్టిక్‌దా, ఈసిమ్మా. ఈసిమ్ అంటే చేతికి ముక్క ఏదీ రాదు, ఫోన్లోకే ఎక్కించుకునే సిమ్. నాన్నగారి ఇండియా సిమ్‌ను ప్లాస్టిక్ సిమ్‌గానే ఉంచండి, అమెరికా లైను ఈసిమ్‌గా తీసుకోండి. అక్కడ ఫోను కిందపడి పగిలిందనుకోండి, ప్లాస్టిక్ సిమ్ తీసి ఇంకో ఫోన్లో వేస్తే అయిపోతుంది. ఇండియా ఈసిమ్‌ను విదేశంలో కూర్చుని కొత్త ఫోన్లోకి ఎక్కించడం పెద్ద తలనొప్పి. డూప్లికేట్ సిమ్ కావాలంటే ఎవరి పేరున ఉందో వాళ్ళే వచ్చి వేలిముద్ర వేయమంటారు. మీరు స్టోరుకు వెళ్ళి "మా నాన్నది" అంటే ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

నాన్నగారి ఫోన్ ఈసిమ్ తీసుకుంటుందో లేదో తెలియాలంటే *#06# కొట్టండి. ఐఎంఈఐ నంబర్లతో (ఫోను గుర్తింపు నంబర్లు) పాటు ఈఐడీ అని 32 అంకెల పొడుగు నంబరు కనపడితే తీసుకుంటుంది. కనపడకపోతే రెండో స్లాటులో అమెరికా ప్లాస్టిక్ సిమ్ వేసుకోవచ్చు, మీ అక్క ముందే తెప్పించి పెడుతుంది. రెండో స్లాటూ మెమరీ కార్డూ ఒకే అరలో ఉండే ఫోనైతే ఫోటోలన్నీ ఇక్కడే దించుకుని కార్డు తీసేయండి. ఒక స్లాటే ఉన్నవాళ్ళు ఇండియా సిమ్ తీసి దాచుకుంటుంటారు. ఒకాయన దాన్ని పాస్‌పోర్టు వెనక అట్టకు టేపుతో అంటించుకున్నాడు. చెన్నైలో ఇంకో మాటు చూపించడానికి పాస్‌పోర్టు కవరు తీసినప్పుడు సిమ్ టేపుతో సహా కవరుకు అంటుకుని పోయింది, కవరు చెత్తబుట్టలోకి పోయింది.

సిమ్ పాతబడిందనో, సిగ్నల్ సరిగా లేదనో మార్చాలనుకుంటే ఇవాళే మార్చండి, ప్రయాణం ముందు రోజు కాదు. సిమ్ మార్చాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపి ఉంచాలని టెలికం శాఖ నిబంధన. దొంగ సిమ్‌లతో అకౌంట్లు ఖాళీ చేస్తున్నారని పెట్టారు, మంచిదే. దానిపైన కొన్ని బ్యాంకులు సిమ్ మారినట్టు కనిపెట్టి కొన్నాళ్ళు లావాదేవీలకు పరిమితి పెడతాయి. విమానం ఎక్కే రోజు ఈ రెండూ ఒకేసారి మీద పడితే ఇంక చూసుకోండి.

ఇప్పుడు ఫోను సంగతి. అమెరికాలో పాత నెట్‌వర్కులు మూసేశారు. అక్కడి పెద్ద కంపెనీల్లో ఏటీ అండ్ టీ తన 3జీని 2022 ఫిబ్రవరిలో, వెరైజన్ అదే ఏడాది చివర్లో ఆపేశాయి. కాల్ మాట్లాడాలంటే ఫోన్లో వోల్టీ (VoLTE) ఉండి తీరాలి, అంటే 4జీ మీదే కాల్ వెళ్ళాలి. అమ్మగారి బటన్ ఫోన్ 2జీదైతే అక్కడ టైము చూసుకోవడానికే పనికొస్తుంది. 4జీ బటన్ ఫోన్లు కూడా నమ్మలేం. మన కంపెనీలు 4జీకి ఎక్కువగా వాడేది 3, 5, 40, 41 బ్యాండ్లు, అంటే సిగ్నల్ నడిచే ఫ్రీక్వెన్సీల వరసలు. అక్కడ ముఖ్యమైనవి 2, 4, 12, 13, 66, 71. ఇక్కడ అమ్మే చవక ఫోన్లలో ఆ రెండో వరస సగం ఉండదు.

దీనికంటే పెద్ద మెలిక ఇంకోటి ఉంది, మీ అక్కకు కూడా తెలియకపోవచ్చు. ఏటీ అండ్ టీ తన జాబితాలో ఉన్న ఫోన్లనే ఒప్పుకుంటుంది. ఇక్కడ కొన్న షావోమీ, వివో, రియల్‌మీ లాంటివి ఎంత కొత్తవైనా ఆ జాబితాలో లేకపోతే సిమ్ వేసినా కాల్స్ సాగవు. వెరైజన్ కూడా ఐఎంఈఐ చూసే ఒప్పుకుంటుంది. టీ మొబైల్ ఈ విషయంలో కొంత మెతక. కాబట్టి మీ అక్క వాళ్ళ ఫ్యామిలీ ప్లాన్ ఏటీ అండ్ టీ అయితే "ఇంకో లైను కలిపేస్తే పోతుంది" అని తొందరపడకుండా, మీరు నాన్నగారి ఐఎంఈఐ పంపండి, ఆమెను ఆ కంపెనీ సైటులో కొట్టి చూడమనండి. ఒప్పుకోకపోతే టీ మొబైల్ టవర్ల మీద నడిచే ప్రీపెయిడ్ లైను చూసుకోవచ్చు. మింట్ మొబైల్ అలాంటిదే, 3, 6, 12 నెలలకు ఒకేసారి కట్టించుకుంటుంది. మీ ఆరు నెలలకు సరిగ్గా అతుకుతుంది.

"అక్క పాత ఐఫోన్ పంపిస్తానంటోంది" అనేది కూడా ఇలాంటి ప్రశ్నల్లో తప్పక వస్తుంది. పంపితే రెండు చూడండి. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్, అక్కడ క్యారియర్ లాక్ అనే వరస ఉంటుంది. సిమ్ రిస్ట్రిక్షన్లు లేవు అని ఉండాలి. వాయిదాల్లో కొన్న ఫోను బాకీ తీరకపోతే అక్కడి కంపెనీ తాళం వేసి ఉంచుతుంది, మన సిమ్ అందులో పలకదు. రెండోది, అమెరికాలో అమ్మే ఐఫోన్లకు 14 మోడల్ నుంచి సిమ్ పెట్టే అరే లేదు, అంతా ఈసిమ్మే. అలాంటి ఫోన్ నాన్నగారికిస్తే ఇండియా సిమ్‌ను ఈసిమ్‌గా మార్చక తప్పదు, అప్పుడు పైన చెప్పిన తలనొప్పులన్నీ వెంట వస్తాయి. ఆ ఫోన్ అమ్మగారికి ఇవ్వండి, ఎందుకో తర్వాత చెప్తాను.

అమెరికా లైను ఈసిమ్‌గా తీసుకుంటే మీ అక్క వాట్సాప్‌లో ఒక క్యూఆర్ కోడ్ పంపుతుంది. నాన్నగారి ఫోన్‌కు వచ్చిన కోడును అదే ఫోన్ కెమెరాతో స్కాన్ చేయలేరు కదా, అక్కడ చాలామంది ఆగిపోతారు. లీలామహల్ సెంటర్లో ఏ జిరాక్స్ అంగడిలోనైనా ఒక ప్రింటు తీయించి పాస్‌పోర్టు ఫైల్లో పెట్టండి. స్కాన్ చేసేటప్పుడు వైఫై ఉండాలి. ఇంట్లో ఉండగానే ఎక్కించుకుని ఆఫ్‌లో పెట్టుకోవడం మేలు, అయితే ప్లాన్ రోజులు ఎప్పటి నుంచి లెక్క వేస్తారో అక్కను కనుక్కోమనండి. ఒకసారి ఎక్కాక డిలీట్ మాత్రం కొట్టొద్దు. ఆ కోడు మామూలుగా ఒక్కసారే పనిచేస్తుంది.

యూట్యూబ్‌లో చూసి ట్రావెల్ ఈసిమ్ యాప్‌లు వేసుకుందామా అని కొందరు అడుగుతారు. అవి చాలావరకు డేటా మాత్రమే ఇస్తాయి, నంబరు రాదు. ఆరు నెలలుండే పెద్దవాళ్ళకు డాక్టరు దగ్గరైనా, మందుల షాపులోనైనా అక్కడి నంబరు అడుగుతారు. పైగా విదేశీ సిమ్‌లు ఇక్కడ అమ్మాలంటే టెలికం శాఖ అనుమతి ఉండాలి. అది లేదనే 2024 జనవరిలో ఎయిరాలో, హోలాఫ్లై యాప్‌లను ఇండియా యాప్ స్టోర్ల నుంచి తీసేయించారు.

రెండు సిమ్‌లూ ఫోన్లోకి వచ్చాక సెట్టింగులు మీరే చేసి పంపండి, నాన్నగారి మీద వదలొద్దు. ఇండియా సిమ్‌కు డేటా రోమింగ్ ఆఫ్. మొబైల్ డేటా అమెరికా సిమ్‌కు. ఇంకో సెట్టింగు ఉంటుంది, ఒక సిమ్‌కు సిగ్నల్ తగ్గితే డేటాను దానంతట అదే రెండో సిమ్‌కు మార్చేది. దాన్ని ఆఫ్ చేయండి. బిల్లులు పేలేది ఎక్కువగా అక్కడే. బయటికెళ్ళే కాల్స్‌కు కూడా అమెరికా సిమ్‌నే పెట్టండి.

కాంటాక్టులన్నీ ప్లస్ 91 పెట్టి సేవ్ చేయండి. అమెరికా నంబర్లు కూడా మన లాగే పది అంకెలే. నాన్నగారు అలవాటు కొద్దీ 970తో మొదలయ్యే మన నంబరును పది అంకెలే కొడితే అమెరికా సిమ్ దాన్ని కొలరాడో నంబరు అనుకుంటుంది, ఎందుకంటే 970 అక్కడి ఏరియా కోడు. పొద్దున్నే ఎవరో తెల్లాయనకు "ఏమప్పా, బాగుండావా" అని వినపడుతుంది. నవ్వుకోడానికి బాగుంటుంది గానీ, మీకు ఫోన్ రాలేదని ఇక్కడ మీరు కంగారుపడతారు.

వాట్సాప్‌కు భయం అక్కర్లేదు. అది సిమ్ మారినంత మాత్రాన మారదు, ఇండియా నంబరుతోనే నడుస్తుంది. కొత్త సిమ్ వేశాక నంబరు మార్చమంటారా అని అడిగితే వద్దు అనాలి. యాప్ తీసేసి మళ్ళీ వేయొద్దు, వేస్తే కోడు మళ్ళీ అడుగుతుంది. టూ స్టెప్ పిన్ ఇక్కడే పెట్టించి ఆ ఆరు అంకెలు మీరూ రాసుకోండి.

బ్యాంకు యాప్‌ల తీరు దీనికి పూర్తిగా వేరు. స్టేట్ బ్యాంకు యోనో గానీ, ఫోన్‌పే గానీ మొదటిసారి లాగిన్ అయ్యేటప్పుడు మీ సిమ్ నుంచే ఒక ఎస్సెమ్మెస్ పంపి, ఆ సిమ్ ఆ ఫోన్లోనే ఉందని రుజువు చేసుకుంటాయి. రోమింగ్‌లో అది పంపడానికి డబ్బు పడుతుంది, ఒక్కోసారి పోనే పోదు. అందుకని కొత్త ఫోన్ కొనాలనుకుంటే ఇప్పుడే కొని యాప్‌లన్నీ ఇక్కడే తెరిచి చూసుకోండి. వెళ్ళాక ఫోన్ మార్చడం, యాప్ తీసేసి వేయడం, ఫ్యాక్టరీ రీసెట్ వద్దే వద్దు. స్టేట్ బ్యాంకు అయితే ఎస్‌బీఐ సెక్యూర్ ఓటీపీ అనే యాప్ ఉంది, ఎస్సెమ్మెస్‌తో పని లేకుండా నెట్‌బ్యాంకింగ్‌కు ఓటీపీ అదే ఇస్తుంది. దాన్నీ తిరుపతిలో ఉండగానే రిజిస్టర్ చేయండి. డెబిట్ కార్డు తీసుకెళ్తుంటే అంతర్జాతీయ వాడకం ఆన్ చేసి ఉందో లేదో చూడండి. 2020 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధనతో అది మామూలుగా ఆఫ్‌లోనే వస్తుంది. ఇక్కడి కరెంటు బిల్లు, ఇంటి పన్ను లాంటివి ఆ ఆరు నెలలు మీరే కట్టేయండి, ఆయన చేత అక్కడి నుంచి కట్టించే సరదా వద్దు.

ఇంకో దారి చాలా ఇళ్ళలో నడుస్తోంది. నాన్న సిమ్‌ను పాత ఫోన్లో వేసి ఇంటికాడే పెట్టుకోవడం, ఓటీపీ వస్తే కొడుకు ఫోన్లో చదివి చెప్పడం. బ్యాంకువాళ్ళు వింటే కొడతారు, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని రోజూ ఎస్సెమ్మెస్ పంపుతున్నారు కదా. అయినా నిజం చెప్పాలంటే, నెట్‌బ్యాంకింగ్ వాడని, నెలకోసారి పెన్షన్ పడిందని చూసుకునే పెద్దవాళ్ళకు అది పనికొచ్చే ఏర్పాటే. రోమింగ్ గొడవే ఉండదు. ఇబ్బందల్లా రెండు. సిమ్ ఇక్కడ, ఫోన్ అక్కడ అయితే బ్యాంకు యాప్‌లు ఎప్పుడో ఒకసారి మొరాయిస్తాయి. రెండోది టైము. ఆయనకు మధ్యాహ్నమైతే మీకు అర్ధరాత్రి. మీ నాన్నగారు యాప్‌లు వాడతారన్నారు కాబట్టి సిమ్ ఆయనతోనే వెళ్ళాలి. వచ్చిన ఎస్సెమ్మెస్‌లను ఇంకో నంబరుకు పంపించే యాప్‌లు కొన్ని ఉంటాయి, వాటి జోలికి పోవద్దు. మీ ఓటీపీలన్నీ చదివే అనుమతి ముక్కూమొహం తెలియనివాడి చేతిలో పెట్టడమే అది.

అమ్మగారి విషయంలో మాత్రం సిమ్‌ను ఇంట్లో పెట్టడమే మంచిది. మీ అక్క పంపే పాత ఐఫోన్‌లో ఆమె ఇండియా నంబరుతో వాట్సాప్ తెరవండి. కోడు బటన్ ఫోన్‌కు వస్తుంది, చూసి ఇందులో కొట్టండి, అంతే. ఆ సిమ్ విమానం ఎక్కక్కర్లేదు. అయితే వాట్సాప్ నడవాలంటే ఆ నంబరు సిమ్ అదే ఫోన్లో ఉండాలని టెలికం శాఖ 2025 నవంబరులో ఆదేశించింది, దాని సంగతి వెళ్ళే ముందు కనుక్కోండి. గ్యాస్ సిలిండర్ డెలివరీ కోడు ఆమె నంబరుకే వస్తుంటే అది కూడా మీకు చేతిలో ఉంటుంది. ఆమె సిమ్‌కూ రీచార్జి మరవకండి. అమ్మగారికి ఆ ఫోన్ వెళ్ళే ముందు రోజు ఇవ్వొద్దు, ఇప్పుడే ఇచ్చి ఇంట్లోనే పక్క గదిలోంచి రోజూ వీడియో కాల్ చేసి అలవాటు చేయించండి. ఎవరి కాల్ ఎట్ల ఎత్తాలి, స్పీకరు ఎక్కడ, కెమెరా ఎటు తిప్పాలి అన్నవి డాలస్‌లో నేర్పించడానికి అక్కకు తీరిక ఉండదు. అక్కడ అమ్మగారు ఎక్కువగా ఇంట్లోనే ఉంటారు, వైఫై చాలు. ఒక్కరే బయటికి నడకకు వెళ్ళే అలవాటుంటే మాత్రం ఆమెకూ ఒక చిన్న లైను తీసుకోండి.

దుబాయ్‌లో దిగాక ఒక్క విషయం. ఎయిర్‌పోర్టులో వైఫై ఉచితమే. వాట్సాప్‌లో మెసేజీలు, ఫోటోలు పోతాయి, కానీ వాయిస్, వీడియో కాల్స్ అక్కడ ఆపేసి ఉంటాయి, అది ఆ దేశం నిబంధన. పెద్దవాళ్ళు కాల్ కొడతారు, కలవదు, మళ్ళీ కొడతారు, ఫోన్ పాడైందనుకుని స్విచాఫ్ చేసి ఆన్ చేస్తారు. "దుబాయ్‌లో కాల్ చేయొద్దు, మైకు బొమ్మ నొక్కి పట్టుకుని మాట్లాడి పంపండి" అని ముందే చెప్పి రెండు మూడుసార్లు చేయించండి. మాట్లాడే తీరాలంటే బోటిమ్ లాంటి యాప్ అక్కడ పనిచేస్తుంది, మీ ఫోన్లోనూ ఉండాలి.

విమానంలో ఫోన్ ఫ్లైట్ మోడ్‌లోనే ఉండాలి. కొన్ని విమానాల్లో లోపలే మొబైల్ నెట్‌వర్కు ఉంటుంది, మన సిమ్ దాన్ని పట్టుకుంటే మామూలు రోమింగ్ ప్యాకు దానికి చాలావరకు వర్తించదు. పవర్ బ్యాంకు చెక్ ఇన్ సామానులో పెట్టకూడదు, చేతి సంచిలోనే. ఎమిరేట్స్‌లో వెళ్తుంటే 2025 అక్టోబరు 1 నుంచి విమానంలో పవర్ బ్యాంకు వాడనివ్వరు. 100 వాట్ అవర్స్ లోపుది మనిషికి ఒకటి తీసుకెళ్ళొచ్చు, అంతే. కాబట్టి చెన్నైలోనే ఫోన్లు నిండా చార్జి చేసుకోవాలి. చార్జర్‌కు అమెరికా పిన్ను అక్క ఇంట్లో ఉంటుంది, దుబాయ్‌లో అవసరపడితే మాత్రం అక్కడిది మూడు పలక పిన్నుల సాకెట్టు. ఫోన్ చార్జర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటే ఎక్కడైనా పనిచేస్తుంది.

ఒక కాగితం రాసి పాస్‌పోర్టు సంచిలో పెట్టండి. అక్క నంబరు, బావ నంబరు, డాలస్ ఇంటి అడ్రసు, మీ నంబరు ప్లస్ 91తో, బ్యాంకు వాళ్ళ మామూలు నంబరు. 1800 నంబర్లు విదేశం నుంచి చాలావరకు కలవవు, కార్డు వెనక ప్లస్ 91తో ఉండే నంబరు రాసుకోండి. అక్కడ ఎమర్జెన్సీకి 911. ఫోన్ చార్జి అయిపోయినప్పుడు ఈ కాగితం పక్కనున్న తెలుగువాళ్ళెవరికైనా చూపిస్తే వాళ్ళే ఫోన్ చేసిపెడతారు, ఆ రూటులో మనవాళ్ళు లేని విమానం ఉండదు.

డాలస్ మనకంటే వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. మనకు మధ్యాహ్నం రెండు గంటలకు లోన్ కావాలా అని చేసేవాళ్ళ ఫోన్ ఆయనకు తెల్లవారుజాము మూడున్నరకో, చలికాలమైతే రెండున్నరకో మోగుతుంది. నిద్రమత్తులో ఎత్తితే రోమింగ్ చార్జి పడుతుంది. ఇండియా సిమ్‌కు రింగ్‌టోన్ సైలెంట్‌లో పెట్టండి, ఎస్సెమ్మెస్‌కు మాత్రం చప్పుడు ఉంచండి. ఎంబసీ నుంచి అనో, పోలీసులమనో వీడియో కాల్ వస్తే పెట్టేసి అక్కకు చెప్పమనండి, బేరం వద్దు.

తిరిగొచ్చేటప్పుడు చెన్నైలో దిగగానే డేటాను ఇండియా సిమ్‌కు మార్చాలి. ఫోన్లో అమెరికా ఈసిమ్‌ను ఆఫ్ చేస్తే చాలు, ప్రస్తుతానికి తీసేయక్కర్లేదు. లైను అక్క ఫ్యామిలీ ప్లాన్‌లో ఉంటే ఆమె ఆ నెల బిల్లు పడక ముందే దాన్ని ఆపించాలి, లేకపోతే అది నెలనెలా నడుస్తూనే ఉంటుంది. ఈలోగా నాన్నగారి ఫోన్ మోడల్, ఐఎంఈఐలో మొదటి ఎనిమిది అంకెలు, సిమ్ ఏ కంపెనీదో రాయండి, టీ మొబైల్ బ్యాండ్లలో ఏవి పట్టుకుంటుందో చూసి చెప్తాను. ఐఎంఈఐ మొత్తం మాత్రం అందరికీ కనపడేలా రాయొద్దు.